మిల్లులో ఉన్న లినక్స్ సర్వర్‌ని ఒంగోలు నుంచి నడపాలంటే ముందు తిరిగి లోపలికి వెళ్లే దారి చూసుకో

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కోవూరు దగ్గర మీ మామయ్య రైస్ మిల్లులో ఒక పాత డెస్క్‌టాప్ మీద ఉబుంటు సర్వర్ వేసి, కాటా బిల్లింగు, ధాన్యం స్టాకు లెక్కలు దాని మీదే నడుపుతున్నావు. నువ్వు ఉండేది ఒంగోలులో. మిల్లులో కూర్చుంటే రూట్ (అన్ని అధికారాలున్న అడ్మిన్ యూజర్) పాస్‌వర్డ్‌తో ఎస్‌ఎస్‌హెచ్, అంటే ఇంకో మెషీన్ నుంచి సర్వర్‌లోకి వెళ్లి కమాండ్లు కొట్టే పద్ధతి, బాగానే అవుతోంది, బయటి నుంచి మాత్రం రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ని లోపలి మెషీన్‌కి పంపే సెట్టింగు) పెట్టినా కావట్లేదు. ఎస్‌ఎస్‌హెచ్ వాడే పోర్ట్ 22 తెరిచి పెడితే ప్రమాదమా, ఈ తలనొప్పంతా ఎందుకు స్క్రీన్ షేరింగ్ యాప్ ఒకటి వేసుకుంటే పోదా అని కూడా అడిగావు.

నేను నెల్లూరులోనే ఉంటాను, పదిహేడేళ్లుగా ఇదే పని, మిల్లులు, రొయ్యల చెరువుల ఆఫీసులు, చిన్న చిన్న ఆస్పత్రులు, వీటి సర్వర్లు చూసుకుంటాను. నీ మూడు ప్రశ్నలకూ జవాబు చెబుతాను గానీ, నువ్వు అడగని నాలుగోది వాటికంటే పెద్దది. ఆ సర్వర్‌లోకి వెళ్లడానికి నీకు దారి ఒక్కటే ఉంది అనుకో, ఏదో ఒక రోజు ఆ దారిని నీ చేతులతో నువ్వే మూసేస్తావు, లేదా కరెంటు మూసేస్తుంది. అప్పుడు వందకు పైగా కిలోమీటర్లు వెళ్లి దాని ముందు కూర్చోవాలి. కాబట్టి నేను చెప్పేదంతా ఆ రెండో దారి చుట్టూనే తిరుగుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు పోర్ట్ ఫార్వర్డింగ్ సంగతి. రౌటర్ అడ్మిన్ పేజీలో వాన్ ఐపీ అని ఒక నంబర్ (నెట్ కంపెనీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రసు) కనపడుతుంది, అది చూడు. తర్వాత అదే నెట్ మీద బ్రౌజర్‌లో నా ఐపీ ఏంటి అని వెతుకు. రెండూ ఒకటే అయితే తప్పు నీ సెట్టింగుల్లో ఉంది, వెతికితే దొరుకుతుంది. వేరు వేరుగా ఉండి, రౌటర్‌లో కనపడేది 100.64 నుంచి 100.127 లోపు మొదలయ్యే నంబర్ అయితే మాత్రం నువ్వు ఎన్ని పోర్టులు ఫార్వర్డ్ చేసినా లాభం లేదు. ఐపీవీ4 అడ్రసులు చాలక నెట్ కంపెనీలు ఒక్క పబ్లిక్ అడ్రసు వెనక ఎంతోమంది కస్టమర్లను పెడుతున్నాయి, దాన్ని సీజీనాట్ అంటారు, ఆ నంబర్ల వరస దానికోసమే కేటాయించారు. బయటి నుంచి వచ్చే కనెక్షన్ కంపెనీ పెట్టె దగ్గరే ఆగిపోతుంది, మీ మిల్లు రౌటర్ దాకా రానే రాదు. నీ వర్ణన చూస్తే నూటికి తొంభై పాళ్లు ఇదే అనిపిస్తోంది. నెలకు కొంత ఎక్కువ కట్టి స్టాటిక్ ఐపీ (మారని సొంత పబ్లిక్ అడ్రసు) అడగొచ్చు, కొందరు ఇస్తారు, కానీ ఇచ్చినా నేను తీసుకోమని చెప్పను, ఎందుకో కింద అర్థమవుతుంది.

స్క్రీన్ షేరింగ్ యాప్ వద్దు. సర్వర్‌లో అసలు డెస్క్‌టాపే ఉండక్కర్లేదు, స్క్రీను బొమ్మ మొత్తం నెట్ మీద పంపించే బదులు నువ్వు కొట్టిన అక్షరాలు, అది ఇచ్చిన అక్షరాలు వెళ్తే చాలు. వర్షం పడి సిగ్నల్ ఒక్క గీత మీద ఉన్నప్పుడు కూడా ఎస్‌ఎస్‌హెచ్ పనిచేస్తుంది, యాప్‌లో మౌస్ కదిలేసరికి నీకు నిద్రొస్తుంది.

ఇప్పుడు అసలు పద్ధతి. బయటి నుంచి మిల్లులోకి రావడం కుదరదు, కానీ మిల్లు లోపలి నుంచి బయటికి వెళ్లడం ఎప్పుడూ కుదురుతుంది కదా, దాన్నే వాడుకో. నెలకు కొన్ని వందల రూపాయలకు దొరికే చిన్న వీపీఎస్ (ఇంటర్నెట్‌లో అద్దెకిచ్చే సర్వర్) ఒకటి తీసుకో, 512 ఎంబీ ర్యామ్ ఉన్నా ఎక్కువే. మిల్లు మెషీన్ తనంతట తాను ఆ వీపీఎస్‌కి ఫోన్ చేసి లైన్ పట్టుకుని కూర్చుంటుంది, నువ్వు ఒంగోలు నుంచి వీపీఎస్‌కి వెళ్లి ఆ లైన్ మీదుగా మిల్లులోకి దిగుతావు. ఇది చెయ్యడానికి రెండు పరికరాలున్నాయి, రెండూ పెట్టుకో అంటాను, ఒకటి చెడితే ఇంకొకటి.

రోజువారీ వాడకానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్, అంటే మెషీన్ల మధ్య ఇంటర్నెట్ మీదుగా వేసుకునే ప్రైవేటు దారి. 2020లో లినక్స్ కెర్నల్ 5.6తో కెర్నల్ లోపలే వచ్చేసింది, అంతకుముందు వీపీఎన్ పెట్టడమంటే పేజీలకు పేజీల కాన్ఫిగ్, ఇప్పుడు పది పన్నెండు లైన్లు. నాలుగు మెషీన్లకూ, అంటే వీపీఎస్, మిల్లు, నీ ల్యాప్‌టాప్, నీ ఫోన్, నాలుగింటికీ ఒక్కో కీ జత (దాచుకునే ప్రైవేట్ కీ, బయటికిచ్చే పబ్లిక్ కీ) చేసుకుని, ఒకదాని పబ్లిక్ కీ ఇంకొకదాని ఫైల్లో రాయడమే పని. వీపీఎస్ మీద యూడీపీ పోర్ట్ 51820 తెరువు, అందులో ఐపీ ఫార్వర్డింగ్ ఆన్ చెయ్యి, లేకపోతే నువ్వు వీపీఎస్ దాకా వస్తావు గానీ మిల్లుకి దాటలేవు. మిల్లు వైపు ఫైల్లో పర్సిస్టెంట్ కీపలైవ్ అని ఉంటుంది, దాన్ని 25 పెట్టు, మర్చిపోకు. అది లేకపోతే కాసేపు మాటా పలుకూ లేనప్పుడు దారిలో ఉన్న నాట్ పెట్టె ఆ లైన్‌ని మర్చిపోతుంది, మిల్లు తనంతట తాను మాట్లాడేదాకా నువ్వు బయట నుంచుని తలుపు కొడుతూ ఉండాలి.

రెండోది ఎస్‌ఎస్‌హెచ్ రివర్స్ టనెల్. మిల్లు మెషీన్ వీపీఎస్‌కి ఎస్‌ఎస్‌హెచ్ చేసి, నీ దగ్గర 2222 అనే పోర్టుకి వచ్చినవాళ్లని నా 22కి పంపు అని చెబుతుంది. మామూలుగా ఆ 2222 వీపీఎస్ లోపలి వాళ్లకే కనపడుతుంది, ప్రపంచానికి కాదు, అలాగే ఉండనివ్వు, దాన్ని బయటికి తెరిచే గేట్‌వే పోర్ట్స్ సెట్టింగు జోలికి పోకు. ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్లో మిల్లు అని ఒక పేరు పెట్టి, ప్రాక్సీజంప్ దగ్గర వీపీఎస్ పేరు రాసుకుంటే ఒక్క కమాండ్‌తో నేరుగా మిల్లులో ఉంటావు. ఈ టనెల్‌ని చేత్తో మొదలుపెట్టొద్దు, సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రామ్) సర్వీస్‌గా రాసి రీస్టార్ట్ ఆల్వేస్ పెట్టు. వీపీఎస్ మీద దీనికోసం విడిగా ఒక యూజర్‌ని చేసి షెల్ (కమాండ్లు కొట్టే చోటు) ఇవ్వకు, ఎవరైనా మిల్లు మెషీన్ ఎత్తుకెళ్లినా ఆ కీతో వీపీఎస్‌లో ఏమీ చెయ్యలేకుండా ఉండాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దీంతో నేను మొదట్లో చాలా రాత్రులు పోగొట్టుకున్నాను కాబట్టి వివరంగా చెబుతాను. మిల్లులో కరెంటు ఠపీమని పోయింది అనుకో. మిల్లు మెషీన్ వీపీఎస్‌కి వెళ్లొస్తానని చెప్పకుండానే చచ్చిపోయింది. వీపీఎస్‌కి ఆ విషయం తెలియదు, పాత కనెక్షన్ ఇంకా బతికే ఉందనుకుని 2222 పోర్టుని అట్టే పట్టుకుని కూర్చుంటుంది. కరెంటు వచ్చి మిల్లు మెషీన్ మళ్లీ ఫోన్ చేస్తే, లాగిన్ అవుతుంది గానీ ఆ పోర్ట్ ఖాళీ లేదు కాబట్టి ఫార్వర్డింగ్ మాత్రం కుదరదు, అయినా ఎస్‌ఎస్‌హెచ్ ఆ ఉత్త కనెక్షన్‌ని పట్టుకుని అంతా బాగున్నట్టే ఉంటుంది. సర్వీసు నడుస్తున్నట్టు కనపడుతుంది, దారి మాత్రం ఉండదు. దీనికి రెండు వైపులా మందు వెయ్యాలి. మిల్లు వైపు ఎగ్జిట్ ఆన్ ఫార్వర్డ్ ఫెయిల్యూర్ యెస్ అని పెట్టు, అప్పుడు పోర్ట్ దొరక్కపోతే అది బయటికి వచ్చేస్తుంది, సిస్టమ్‌డీ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ మళ్లీకి మళ్లీకి మధ్య ఒక పది పదిహేను సెకన్లు గడువు రాయి, లేకపోతే టకటకా నాలుగైదుసార్లు ఫెయిల్ అయ్యేసరికి సిస్టమ్‌డీ ఇక చాలని వదిలేస్తుంది. వీపీఎస్ వైపు క్లయింట్ అలైవ్ ఇంటర్వల్ 30, కౌంట్ మ్యాక్స్ 3 పెట్టు, అవతల ఉలుకూ పలుకూ లేకపోతే నిమిషంన్నరలో పాతదాన్ని వదిలేస్తుంది. ఇలాగే మిల్లు వైపు సర్వర్ అలైవ్ ఇంటర్వల్ కూడా. ఈ మూడు లైన్లు లేని రివర్స్ టనెల్‌ని నేను టనెల్ అనను.

పోర్ట్ 22 ప్రమాదమా అన్నావు. ప్రమాదం పోర్ట్‌లో లేదు, పాస్‌వర్డ్‌లో ఉంది. కొత్త వీపీఎస్ తీసుకున్న రోజే అందులో ఆథ్ లాగ్ ఫైల్ తెరిచి చూడు, నువ్వు ఎవరికీ చెప్పకుండానే ఎక్కడెక్కడి ఐపీల నుంచో రూట్, అడ్మిన్, టెస్ట్ అనే పేర్లతో ఫెయిల్డ్ పాస్‌వర్డ్ అనే లైన్లు వరసగా పడుతూ ఉంటాయి. మనుషులు కాదు, ఇంటర్నెట్ మొత్తం దువ్వే ప్రోగ్రాములు. స్టాటిక్ ఐపీ తీసుకుని మిల్లు మెషీన్‌ని ఇంటర్నెట్ ముఖాన పెట్టొద్దన్నది ఇందుకే, పైగా అది రూట్ పాస్‌వర్డ్‌తో! దెబ్బలు తినేది వీపీఎస్ తినాలి, లెక్కలున్న మెషీన్ దాని వెనక దాక్కోవాలి.

ఎస్‌ఎస్‌హెచ్ పుట్టిందే పాస్‌వర్డ్ దొంగతనం వల్ల. 1995లో ఫిన్లాండ్‌లో హెల్సింకి యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ నెట్‌వర్క్‌లో ఎవరో పొంచి కూర్చుని టెల్నెట్ అనే పాత లాగిన్ పద్ధతి మీద వెళ్లే పాస్‌వర్డ్‌లన్నీ పట్టుకుంటే, అక్కడి తాతు యులోనెన్ దీన్ని రాశాడు. ఎఫ్‌టీపీకి 21, టెల్నెట్‌కి 23, మధ్యలో 22 ఖాళీగా ఉందని దాన్నే అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు మనందరం వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 1999లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ల దగ్గర మొదలైంది. విండోస్ 10లో 2018 నుంచి క్లయింట్ ముందే ఉంటుంది, కాబట్టి నీ ల్యాప్‌టాప్ విండోస్ అయినా విడిగా ఏమీ దించుకోనక్కర్లేదు.

పాస్‌వర్డ్ బదులు వాడే ఎస్‌ఎస్‌హెచ్ కీ చేసుకునేటప్పుడు ఈడీ25519 రకం చేసుకో. దానికి పాస్‌ఫ్రేజ్ పెట్టు, విసుగనిపిస్తే దాన్ని గుర్తుపెట్టుకునే ఏజెంట్ ప్రోగ్రామ్ వాడు, రోజుకొకసారి కొడితే చాలు. సర్వర్ వైపు డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, నీ పబ్లిక్ కీలు ఒక్కో లైన్‌గా ఉండే ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌కి 600 పర్మిషన్లు ఉండాలి, హోమ్ ఫోల్డర్‌లో వేరేవాళ్లు రాయగలిగేలా ఉన్నా కూడా సర్వర్ నీ కీని మాట్లాడకుండా పక్కన పెట్టేస్తుంది, కీ సరిగ్గానే ఉన్నా పాస్‌వర్డ్ అడుగుతోంది అని జనం ఇక్కడ అడిగే ప్రశ్నల్లో సగం ఇదే. ఫోన్‌లో టెర్మక్స్ (ఆండ్రాయిడ్ టెర్మినల్ యాప్) వేసుకుని అందులో విడిగా ఇంకో కీ చేసుకో, ల్యాప్‌టాప్ కీని ఫోన్‌కి కాపీ చెయ్యొద్దు. ఫోన్ పోతే ఆ ఒక్క లైన్ తీసేస్తే సరిపోతుంది.

కీతో లాగిన్ అవుతోందని ఖాయం చేసుకున్నాకే పర్మిట్ రూట్ లాగిన్ నో, పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ నో అని పెట్టు. మామూలు యూజర్‌తో వెళ్లి, అడ్మిన్ అధికారం కావాల్సిన కమాండ్‌కి మాత్రం సుడో వాడు. ఉబుంటులో ఇక్కడొక మెలిక. నువ్వు అసలు కాన్ఫిగ్ ఫైల్లో నో అని రాస్తావు, అయినా పాస్‌వర్డ్ తీసుకుంటూనే ఉంటుంది. ఎందుకంటే పక్కనే డాట్ డీ అని ఒక ఫోల్డర్ ఉంటుంది, అందులో 50-క్లౌడ్-ఇనిట్ అనే ఫైల్లో యెస్ అని ముందే రాసి ఉంటుంది, ఆ ఫోల్డర్ ముందు చదువుతుంది, ఎస్‌ఎస్‌హెచ్ లెక్కలో ఒక మాట మొదట ఎక్కడ కనపడితే అదే చెల్లుతుంది. ఫైల్ చూసి నమ్మకు, సుడోతో ఎస్‌ఎస్‌హెచ్‌డీకి, అంటే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ప్రోగ్రాముకి, పెద్ద టీ ఆప్షన్ ఇస్తే అది నిజంగా పాటిస్తున్న సెట్టింగులన్నీ చూపిస్తుంది, అందులో చూసుకో. చిన్న టీ ఇస్తే ఫైల్లో తప్పులున్నాయా అని చూసి చెబుతుంది, అది చూడకుండా రీస్టార్ట్ చెయ్యకు.

ఇక నన్ను బాధపెట్టిన సంగతి. చాలా ఏళ్ల కిందట నెల్లూరులో కూర్చుని ఒంగోలులో ఒక క్లయింట్ సర్వర్‌లో ఫైర్‌వాల్ సరిచేస్తున్నాను. రాత్రి పదకొండు. ముందు అన్నీ బ్లాక్ చేసి తర్వాత కావాల్సినవి తెరుద్దాం అనుకున్నాను, ఆ మొదటి లైన్ కొట్టి ఎంటర్ నొక్కాను. కర్సర్ అలాగే ఆగిపోయింది. రెండో లైన్ కొట్టడానికి దారి లేదు. ఆ రోజు ఆ ఆఫీసులో అర్ధరాత్రి తాళం తీసేవాళ్లు లేరు, తెల్లారి మొదటి బస్సెక్కి వెళ్లాను, వెళ్లేసరికి కౌంటర్ ముందు జనం నిలబడి ఉన్నారు, లోపల ఒక పెద్దాయన చేత్తో బిల్లులు రాస్తున్నాడు. ఆయన నన్నేమీ అనలేదు. ఆ రోజు నుంచి నేను తప్పకుండా చేసే పనులు కొన్ని ఉన్నాయి.

నెట్‌వర్క్, ఫైర్‌వాల్, ఎస్‌ఎస్‌హెచ్, ఈ మూడింటిలో ఏది ముట్టుకున్నా రెండు టెర్మినల్స్ తెరుస్తాను. ఒకదాంట్లో మార్పు, ఇంకొకటి ఊరికే పక్కన. ఎస్‌ఎస్‌హెచ్‌డీని రీలోడ్ చేసినా అప్పటికే నడుస్తున్న కనెక్షన్లు తెగవు, కాబట్టి మార్చాక మూడో కిటికీ తెరిచి కొత్తగా లాగిన్ అయి చూస్తాను, అది పనిచేస్తేనే పాతవి మూస్తాను. ఫైర్‌వాల్ ముట్టుకునే ముందు, పది నిమిషాల తర్వాత ఫైర్‌వాల్ ఆఫ్ చెయ్యి అని ఎట్ కమాండ్‌తో ఒక పని పెట్టేస్తాను. అంతా బాగుంటే దాన్ని రద్దు చేస్తాను, నేనే బయట పడిపోతే పది నిమిషాలు టీ తాగి వస్తే తలుపు తెరిచే ఉంటుంది. యూఎఫ్‌డబ్ల్యూ (ఉబుంటులో ఉండే ఫైర్‌వాల్) వాడుతుంటే ఎనేబుల్ చెయ్యకముందే ఎస్‌ఎస్‌హెచ్‌ని అలో చెయ్యాలి, ఆ వరస మారకూడదు. మిల్లు ఐపీ సెట్టింగులు మార్చేటప్పుడు నెట్‌ప్లాన్ అప్లై కాకుండా నెట్‌ప్లాన్ ట్రై వాడు, నువ్వు రెండు నిమిషాల్లో ఎంటర్ కొట్టకపోతే అదే పాతదానికి వెళ్లిపోతుంది. పోర్ట్ నంబర్ మార్చాలనిపిస్తే ఇంకో జాగ్రత్త, కొత్త ఉబుంటులో ఎస్‌ఎస్‌హెచ్ పోర్ట్‌ని సిస్టమ్‌డీ సాకెట్ చూసుకుంటుంది, కాన్ఫిగ్ మార్చాక డీమన్ రీలోడ్ చేసి సాకెట్‌ని కూడా రీస్టార్ట్ చెయ్యాలి. అసలు పోర్ట్ మార్చడం వల్ల లాగ్‌లో చెత్త తగ్గుతుంది తప్ప పెద్ద రక్షణేమీ లేదని నా అభిప్రాయం.

కనెక్షన్ తెగినా పనిని సర్వర్‌లో నడుపుతూ ఉంచే టీమక్స్ తప్పకుండా నేర్చుకో. లాగిన్ అవ్వగానే టీమక్స్ తెరిచి పని అంతా అందులో చెయ్యి. కరెంటు కోతల రోజుల్లో డేటాబేస్ అప్‌గ్రేడ్ పెట్టి సగంలో ఉండగా నీ నెట్ పోయింది అనుకో, మామూలుగా అయితే కనెక్షన్‌తో పాటు ఆ పనీ చచ్చిపోతుంది, సగం మారిన డేటాబేస్ నీ నెత్తి మీద పడుతుంది. టీమక్స్‌లో ఉంటే పని దాని దారిన అది నడుస్తుంది, గంట తర్వాత ఫోన్‌లో నుంచి అటాచ్ అయితే వదిలిన చోటే ఉంటుంది. రైల్లో వెళ్తూ చెయ్యాలంటే ఎస్‌ఎస్‌హెచ్ లాంటిదే మోష్ కూడా బాగుంటుంది, ఐపీ మారినా తెగదు, కానీ దానికి యూడీపీ 60000 నుంచి 61000 దాకా దారి కావాలి, నీకు వైర్‌గార్డ్ ఉంటుంది కాబట్టి అందులోంచి వెళ్తే ఇబ్బంది లేదు. బిల్లింగ్ వెబ్ పేజీ ఒంగోలులో చూడాలన్నా అంతే, వైర్‌గార్డ్ మీదుగా చూడు, లేదా ఎస్‌ఎస్‌హెచ్ లోకల్ ఫార్వర్డ్‌తో 8080ని నీ ల్యాప్‌టాప్‌కి తెచ్చుకో, బయటికి మాత్రం తెరవకు. డేటాబేస్ పోర్ట్ అయితే ఇంకా వద్దు.

అప్‌డేట్లు ఆపొద్దు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో దొంగదారి పెట్టారు, అది ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లోకి వెళ్లేలా రాశారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వితే బయటపడింది, స్థిరమైన ఉబుంటు వెర్షన్లలోకి రాకముందే ఆగింది. నీ మెషీన్‌లో లాగిన్ ఎంతసేపు పడుతుందో నీకూ అలవాటుండాలి, తేడా వస్తే ఎందుకని అడుగు.

చివరగా కరెంటు. దీన్ని ఎవరూ ఎస్‌ఎస్‌హెచ్ సబ్జెక్టు అనుకోరు, నా అనుభవంలో మాత్రం ఇదే పెద్ద సబ్జెక్టు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల చెరువుల ఆఫీసులో కరెంటు పోయింది. తిరిగి వచ్చింది గానీ సర్వర్ పైకి లేవలేదు. రోడ్డు మీద నీళ్లు, నేను వెళ్లే వీల్లేదు. అక్కడ ఉన్నది మేత లెక్కలు చూసే సూపర్‌వైజర్ ఒక్కడే. ఫోన్ స్పీకర్‌లో పెట్టించి, "అబ్బాయ్, తెర మీద ఏమన్నా రాసుందా?" అంటే, "ఉంది సార్, నల్లగా ఉంది, తెల్లక్షరాలు" అన్నాడు. ఒక్కో అక్షరం చదివించుకున్నాను. మదర్‌బోర్డు మీద ఉండే బిళ్ల బ్యాటరీ అయిపోయింది, సెట్టింగులు చెరిగిపోయాయి, కొనసాగాలంటే ఎఫ్1 నొక్కమని అడుగుతూ గంటల తరబడి అలాగే నిలబడి ఉంది. "ఎఫ్1 ఎక్కడుంది సార్" అన్నాడు, "పై వరసలో, ఎడమ పక్క నుంచి రెండోది" అన్నాను. నొక్కాడు, లేచింది. ఒక బిళ్ల బ్యాటరీ కోసం! సెట్టింగులు పోయాయంటే గడియారం కూడా ఏళ్ల వెనక్కి పోతుంది, వైర్‌గార్డ్ హ్యాండ్‌షేక్‌లో టైమ్ చూస్తుంది, ఇంతకుముందు చూసినదానికంటే పాత టైమ్‌తో వస్తే తీసుకోదు, గడియారం సరిపడేదాకా లోపలికి రానివ్వదు. నీకు రివర్స్ టనెల్ కూడా పెట్టుకోమన్నది ఇలాంటి రోజుల కోసమే.

నీది పాత డెస్క్‌టాప్ కాబట్టి ఈసారి మిల్లుకి వెళ్లినప్పుడు సీఆర్2032 బ్యాటరీ ఒకటి జేబులో వేసుకెళ్లు, ముందు అది మార్చు. తర్వాత బయోస్‌లోకి (మెషీన్ ఆన్ అవుతున్నప్పుడు తెరిచే సెట్టింగుల పేజీ) వెళ్లి కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏం చెయ్యాలి అనే చోట పవర్ ఆన్ పెట్టు. లాస్ట్ స్టేట్ అని కూడా ఉంటుంది, అది వద్దు, యూపీఎస్ బ్యాటరీ అయిపోతోందని మెషీన్ పద్ధతిగా షట్‌డౌన్ అయితే దాని చివరి స్థితి ఆఫ్ అన్నట్టు కదా, కరెంటు వచ్చినా ఆఫ్‌లోనే ఉంటుంది. కీబోర్డ్ లేకపోతే ఆగిపో అనే సెట్టింగు ఉంటే అదీ తీసెయ్యి. రౌటర్‌ని కూడా యూపీఎస్ మీదే పెట్టు. మిల్లు మోటార్లు ఆన్ అయినప్పుడు వోల్టేజీ ఊగుతుంది, ఆ లైన్ మీద మాత్రం పెట్టకు. గుమస్తా గారికి ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసివ్వు, ఏ బటన్ ఎంతసేపు నొక్కాలో, ఏ లైటు వెలగాలో, నీ నంబర్ ఏదో. దాన్ని మెషీన్‌కే అంటించు.

బయల్దేరే ముందు ఒక పరీక్ష పెట్టు. ధాన్యం లోడ్లు లేని టైమ్ చూసి, మెషీన్ పద్ధతిగా షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి రెండు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టు. మెషీన్‌ని చేత్తో ముట్టుకోకు. ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద టెర్మక్స్ తెరిచి ముందు వైర్‌గార్డ్ మీదుగా, తర్వాత అది ఆపేసి వీపీఎస్ టనెల్ మీదుగా మిల్లులోకి వెళ్లి చూడు. రెండు దారుల్లోనూ ప్రాంప్ట్ కనపడ్డాకే ఒంగోలు బస్సెక్కు.